తెచ్చుకున్న కుక్కకు పళ్లు అరిగి ఉంటే: ఎంత అరిగాయని కాదు, ఎక్కడ అరిగాయో చూడండి

నమస్తే అండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మూడు వారాల క్రితం షెల్టర్ నుంచి లాబ్రడార్ పోలికలున్న మగకుక్కను తెచ్చుకున్నారు. పేరు జిమ్మీ. మూడేళ్లవాడని చెప్పి ఇచ్చారు. ఇంటికొచ్చాక ఒకరోజు వాడు ఆవలిస్తుంటే చూశారు: కింది ముందు పళ్లు బియ్యపు గింజల్లా పొట్టిగా ఉన్నాయి, కోరల వెనకవైపు ఆకురాయితో రుద్దినట్టు గాడి పడింది, కొన్ని పళ్ల మధ్యలో గోధుమరంగు చుక్క ఉంది. పక్కింటి పెద్దాయనేమో "ఇది తొమ్మిదేళ్ల ముసలిది, మీకు అంటగట్టారు" అన్నారు. అప్పటినుంచి మీకు టెన్షన్. తిండి మాత్రం వాడు బాగానే తింటున్నాడని రాశారు.

నేను పశువైద్యురాలిని. ఇరవై రెండేళ్ల సర్వీసులో మొదటి ఆరేళ్లు పల్లెల్లో గేదెలు, ఎడ్లతో గడిచాయి. తర్వాతంతా హైదరాబాద్‌లో కుక్కలు, పిల్లులే. అందుకని పక్కింటి పెద్దాయన లెక్క ఎక్కడ తప్పిందో నాకు వెంటనే అర్థమైంది.

ఆయన బహుశా ఎడ్లను చూసిన మనిషి. సంతలో కోడెను కొనేటప్పుడు మూతి పట్టుకుని పెదవి ఎత్తి "రెండు పళ్లది, నాలుగు పళ్లది" అంటారు కదా, ఆ లెక్క పశువుకు బాగా కుదురుతుంది. ఎందుకంటే పశువుకు ముందు పళ్లు జతలు జతలుగా ఊడి, సుమారు రెండేళ్ల నుంచి నాలుగైదేళ్ల దాకా కొత్తవి వస్తూ ఉంటాయి. ఎన్ని జతలు మారాయో చూస్తే వయసు తెలిసిపోతుంది. కుక్కకు ఆ సౌకర్యం లేదు. దాని 28 పాలపళ్లూ ఊడి, 42 శాశ్వత పళ్లూ ఏడు నెలల వయసుకల్లా వచ్చేస్తాయి. ఆ తర్వాత కొత్త పన్నంటూ రాదు. ఇక వయసు చెప్పడానికి మిగిలింది అరుగుదల ఒక్కటే, అదేమో కుక్క ఏం కొరుకుతూ బతికిందన్న దాన్ని బట్టి ఉంటుంది. సోఫా మీద పడుకుని మెత్తటి అన్నం తిన్న పదేళ్ల పామరేనియన్‌కు ముందు పళ్ల మీద, అరగని పళ్లకు ఉండే మూడు రేకుల ఆకారం ఇంకా కనిపించడం చూశాను. ఇనుప గొలుసు నమిలే అలవాటున్న రెండేళ్ల కుక్కకు కోరలు సగానికి సగం లేకపోవడమూ చూశాను.

వయసు సంగతి నిజంగా తెలుసుకోవాలంటే వాడి కళ్లు చూడండి. ఆరేడేళ్లు దాటిన కుక్కల్లో కంటిపాప లోపల లేత నీలం పొగమంచులాంటిది మొదలవుతుంది. అది శుక్లం కాదు, చూపు పెద్దగా తగ్గదు. మూడేళ్లవాడికి అలా ఉండకూడదు. మూతి దగ్గర తెల్ల వెంట్రుకలను మాత్రం నమ్మకండి. బెదురు ఎక్కువున్న కుక్కలకు చిన్న వయసులోనే అవి వస్తాయి.

ఇక పళ్లు. కుక్క పంటి మీది పింగాణీ పొర (ఎనామెల్) చాలా పలచన. మన దవడ పంటి మీద ఆ పొర కొన్నిచోట్ల రెండున్నర మిల్లీమీటర్ల దాకా ఉంటే, కుక్కకు చాలాచోట్ల అర మిల్లీమీటర్ కూడా ఉండదు. "ఎముకలు నమిలే జంతువు కదా, పళ్లు ఉక్కులా ఉంటాయి" అనుకుంటాం. నిజానికి ఆ పలచని పొర పోయిందంటే కింద ఉండే డెంటిన్ అనే మెత్తటి పొర ఇంకా తొందరగా అరుగుతుంది. అందుకే నేను ఏ కుక్కకైనా ఎంత అరిగిందన్నది తర్వాత చూస్తాను. ముందు ఎక్కడ అరిగిందో చూస్తాను.

మీరు రాసిన వాటిలో నాకు ముఖ్యంగా తోచింది కోరల వెనకవైపు గాడి. ముందువైపు కాదు, మొన దగ్గర కాదు, వెనక. దీన్ని కడ్డీలు కొరికిన గుర్తు అంటాం. బోను చువ్వనో, ఇనుప జాలీనో, గేటు కమ్మీనో కుక్క నోట్లోకి తీసుకున్నప్పుడు అది కోర వెనక ఖాళీలో ఇరుక్కుంటుంది. కుక్క తల వెనక్కి లాగుతుంది. చువ్వ కదలదు. మళ్లీ లాగుతుంది. గంటల తరబడి, నెలల తరబడి అలా లాగితే కోర వెనకభాగం కొడవలి వంపులా అరిగిపోతుంది. ముందు నుంచి చూస్తే పన్ను బాగానే ఉన్నట్టుంటుంది, పక్క నుంచి చూస్తేగానీ తెలియదు. ఒక్కోసారి ఆ గాడిలో బూడిదరంగు మెరుపు కూడా ఉంటుంది. పన్ను మీద ఇనుము రుద్దుకుని పట్టుకున్న మరక అది.

కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి ఒక ఆడ అల్సేషియన్ వచ్చింది. పిల్లల కోసం బోనులో పెట్టి ఈనించి, ఇక ఈనదని తేలాక వదిలేసిన కుక్క. తెచ్చుకున్న అమ్మాయి దాన్ని ప్రాణంగా చూసుకునేది. టేబుల్ మీద పడుకోబెట్టి పెదవి ఎత్తి, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేశాను. నాలుగు కోరలకూ వెనక ఒకే ఎత్తులో గాడి, ఆ ఎత్తులోనే కింది ముందు పళ్లు కూడా అరిగిపోయి ఉన్నాయి. అది ఉన్న బోను చువ్వల మందం ఎంతో ఆ గాడిని కొలిచి చెప్పొచ్చు అనిపించింది. "రాత్రి ఒంటిగంటకు లేచి గేటు కొరుకుతుంది డాక్టరమ్మా, టకటకమని చప్పుడు, వీధంతా లేస్తున్నారు" అంది ఆ అమ్మాయి. బోను పోయినా అలవాటు పోలేదన్నమాట. మూడు నెలల తర్వాత తువ్వాలుతో లాగుడాట ఆడుతుంటే కింది కోర ఆ గాడి దగ్గరే పుటుక్కున విరిగింది.

అందుకే జిమ్మీ విషయంలో మొదటి జాగ్రత్త ఇదే: తాడు లాగుడు, గుడ్డ లాగుడు ఆటలు ఇవాళే మానేయండి. వెనక గాడి పడిన కోర సగం నరికిన చెట్టులాంటిది. పైనుంచి బరువు పడితే ఆగుతుంది, పక్కనుంచి లాగితే విరుగుతుంది.

రాత్రిళ్లు గేటు దగ్గరో కిటికీ గ్రిల్ దగ్గరో చప్పుడు వస్తోందేమో గమనించండి. వస్తుంటే పన్నుకు వైద్యం ఎంత అవసరమో ఆ అలవాటు మాన్పించడం అంతకంటే అవసరం. వాణ్ని ఒంటరిగా బోనులో గానీ బాల్కనీలో గానీ పెట్టి తలుపు వేయకండి. "క్రేట్‌లో పెట్టి అలవాటు చేయండి" అని వీడియోల్లో చెబుతారు. మామూలు కుక్కకు అది మంచి పద్ధతే, ఇలాంటి గతమున్న కుక్కకు మాత్రం నేను సలహా ఇవ్వను. ఇంట్లో మనుషులు తిరిగే చోట పడక వేయండి. బయటికి వెళ్లేటప్పుడు రబ్బరు బొమ్మలో ఉప్పు, తాలింపు లేని పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇవ్వండి. అరగంట నాకుతూ కూర్చుంటాడు. ఒంటరిగా వదిలితే కుక్కకు మొదటి అరగంటే కష్టం.

ముందు పళ్లు అరగడానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఒకటి దురద. పిడుదులు, ఫ్లీస్ అనే గెంతే చిన్న పురుగులు, చర్మం అలర్జీ ఉన్న కుక్కలు తోక మొదట్లోనూ తొడల మీదా మొక్కజొన్న పొత్తు కొరికినట్టు కొరుక్కుంటాయి. రోజూ సొంత వెంట్రుకలే కొరికితే కూడా కింది ముందు పళ్లు అరిగిపోతాయని చెబితే చాలామంది నమ్మరు. పళ్ల సందుల్లో వెంట్రుకలు ఇరుక్కుని ఉంటే, నడుం దగ్గర బొచ్చు పలచబడితే, ముందు చర్మానికి మందు వాడాలి.

రెండోది బంతి. మన వీధి క్రికెట్ టెన్నిస్ బాల్ పైన ఉండే నూగు ఇసుకను పట్టుకుంటుంది, ఆపైన అది గరుకు కాగితమే. ఆ బంతిని గంటలు గంటలు నమిలే కుక్కలకు కోరల మొనలు, వాటి వెనకున్న చిన్న దవడ పళ్లు పైనుంచి బల్లపరుపుగా అరుగుతాయి. మా బంధువుల ఇంట్లో కోనసీమలో ఒక కుక్కకు అదే తీరు అరుగుదల, అక్కడ బంతి లేదు. దొడ్లో ఇసుకలో దొర్లే కొబ్బరి డొక్కలే దానికి బంతులు. రాళ్లు నమిలే కుక్కలు ఇంకో రకం. వాటికి నేను ముందు రక్తపరీక్ష, మలపరీక్ష చేయిస్తాను. రక్తహీనత, నులిపురుగులు ఉంటే మట్టి, రాళ్ల మీదికి మనసు పోతుంది. పై పళ్లూ కింది పళ్లూ అంచుకు అంచు తగిలేలా దవడ కూర్పు ఉంటే, ఏమీ నమలకపోయినా పన్నుకు పన్ను రాసుకుని అరుగుతుంది. అది పుట్టుకతో వచ్చింది, కంగారు అక్కర్లేదు.

నాలుగు కోరలూ ఒకే ఎత్తులో రంపంతో కోసినట్టు అడ్డంగా తెగి ఉంటే మాత్రం అది అరుగుదల కాదు, మనిషి చేసిన పని. కుక్కల పందేల చుట్టూ తిరిగేవాళ్లు ఇలాంటివి చేస్తారు. జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. మీ వర్ణన దానికి సరిపోవడం లేదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నా.

ఇప్పుడు గోధుమరంగు చుక్క. మీరు "పుచ్చిందా?" అని అడిగారు. కుక్కలకు పిప్పిపన్ను చాలా అరుదు. పన్ను నెమ్మదిగా అరుగుతున్నప్పుడు లోపల ఉన్న నరం ఊరుకోదు. అరుగుదల తన దాకా రాకుండా లోపలి నుంచి కొత్త డెంటిన్ గోడ కట్టుకుంటూ వెనక్కి జరుగుతుంది. ఆ గోడే పైకి చింతగింజ రంగులో గుండ్రటి చుక్కలా కనిపిస్తుంది. మేం కొక్కెంలా వంగిన సన్నటి సూదితో దాని మీద గీస్తాం. గాజు మీద గీసినట్టు జారిపోతే మంచిదే, నరం మూసుకుని భద్రంగా ఉంది. సూది మొన ఎక్కడైనా దిగి ఇరుక్కుందంటే నరం గది తెరుచుకుంది. అప్పుడు చుక్క నల్లటి రంధ్రంలా గానీ, తాజాగా విరిగితే ఎర్రగా గానీ ఉంటుంది. నోట్లో ఉన్న క్రిములన్నిటికీ అక్కడి నుంచి దవడ ఎముక దాకా దారి దొరికినట్టే. దీనికి "చూద్దాంలే" అనే మందు లేదు. పన్ను నిలబెట్టాలంటే రూట్ కెనాల్, లేదంటే తీసేయడం.

దయచేసి ఈ సూది పరీక్ష ఇంట్లో పిన్నీసుతో చేయకండి. ఒకరు చేశారు. కుక్క కరిచింది, తప్పు కుక్కది కాదు.

ఇంకో గుర్తు కూడా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేనే ఒకసారి తప్పు చేశాను. పన్ను విరగకపోయినా, అరగకపోయినా, మొత్తం పన్ను ఊదారంగుకో బూడిదరంగుకో తిరిగి ఉంటే అది లోపల రక్తం చిమ్మి నరం దెబ్బతిన్న పన్ను. ప్రాక్టీసు మొదట్లో ఒక కుక్కకు పై కోర అలా కనిపిస్తే "ఎక్కడో దెబ్బ తగిలి రంగు మారింది, తింటోంది కదా, వదిలేయండి" అని పంపేశాను. ఏడాది తిరక్కుండా ముక్కు పక్కన వాపుతో తిరిగొచ్చింది. పై కోర వేరు బయటికి కనిపించే పన్ను కంటే పొడవు, చీము అక్కడ చేరింది. తర్వాత చదివితే తెలిసింది: 2001లో అచ్చయిన ఒక పరిశీలనలో ఇలా రంగు మారిన 64 పళ్లను చూస్తే 92 శాతం వాటిలో నరం పూర్తిగానో కొంతమేరకో చచ్చిపోయి ఉంది. ఎక్స్‌రేలో ఏ తేడా కనిపించనివి కూడా వాటిలో తక్కువేం కాదు. ఆ కుక్క యజమానికి ఫోన్ చేసి నా పొరపాటని చెప్పుకున్నాను. అప్పటినుంచి "తింటోంది కదా" అన్న మాట నేను వాడను.

మీరు కూడా ఆ మాట పట్టుకుని నిశ్చింతగా ఉండకండి. పన్ను నొప్పితో తిండి మానేసే కుక్కలు చాలా తక్కువ. ఒకవైపే నమలడం, గట్టి బిస్కెట్ నోట్లోంచి జారవిడిచి మళ్లీ తీసుకోవడం, మూతి తాకనివ్వకపోవడం, చొంగలో ఎర్రజీర, ఎప్పుడూ లేనిది బొమ్మ పట్టుకోవడం మానేయడం చూడాలి. కంటి కింద వాపు వస్తే పై దవడలో పెద్ద పన్ను విరిగి చీము పట్టిందని అనుమానించాలి. అది సాధారణంగా గట్టి ఎముక కొరికి చీలుతుంది. తెలంగాణలో బొక్క అనండి, కోస్తాలో బొమిక అనండి, ఉడికించిన మటన్ ఎముక ప్రేమతో పెట్టి ఆ పన్ను పోగొట్టిన ఇళ్లు నాకు డజన్లకొద్దీ తెలుసు. కొట్లో అమ్మే జింక కొమ్ములు, ఎండిన గిట్టలు కూడా అంతే. నమలడానికి ఏది కొన్నా బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. గోరు దిగకపోతే ఇవ్వొద్దు.

ఎవరైనా "డిస్టెంపర్ వచ్చి పళ్లు పాడయ్యాయేమో" అంటారు. ఆ సందేహం మంచిదే, ఎందుకంటే మన వీధికుక్క పిల్లల్లో ఆ వైరస్ జబ్బు బాగా ఎక్కువ. శాశ్వత పళ్లకు పింగాణీ ఏర్పడే మొదటి మూడు నాలుగు నెలల్లో డిస్టెంపర్ గానీ తీవ్రమైన జ్వరం గానీ వచ్చి బతికిన పిల్లకు పళ్ల మీద గుంటలు, గోధుమరంగు పట్టీలు పడతాయి. కానీ అవి పంటి చుట్టూ వలయంలా, ఏ వస్తువూ తగలని చోట కూడా ఉంటాయి, గరుగ్గా ఉంటాయి. అరిగిన చోటేమో నునుపుగా ఉంటుంది. పళ్ల మచ్చలంటే మనవాళ్లకు నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లు గుర్తుకొస్తాయి. ఆ జిల్లా పశువుల్లో నేనూ ఆ మచ్చలు చూశాను. కుక్క విషయంలో మాత్రం నా మొదటి అనుమానం డిస్టెంపర్ మీదికే పోతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. వాడికి రేబిస్ టీకా వేసినట్టు కాగితం ఉందా? లేకపోతే ముందు అది వేయించండి, అప్పటిదాకా నోట్లో వేలు పెట్టొద్దు. ఉన్నా నోరు తెరవాల్సిన పని లేదు. వాడు పడుకుని ఉన్నప్పుడు పక్కన కూర్చుని, చెంప నిమురుతూ, ఒకవైపు పెదవి మాత్రం పైకి ఎత్తి ఇంకొకరితో ఫోటో తీయించండి. రెండో వైపు రేపు తీసినా ఫరవాలేదు. గుర్రుమంటే వదిలేయండి, మూడు వారాల పరిచయానికి అదే ఎక్కువ.

తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు "దంతాల ఎక్స్‌రే ఉందా" అని ఫోన్‌లోనే అడగండి. దగ్గరలో లేకపోతే వెటర్నరీ కాలేజీల ఆస్పత్రుల్లో విచారించండి: హైదరాబాద్ వైపైతే రాజేంద్రనగర్, ఆంధ్రలో తిరుపతి, గన్నవరం. మత్తు ఇచ్చి ఎక్స్‌రే తీస్తేనే వేరు పరిస్థితి తెలుస్తుంది. గాడి లోతుగా ఉండి నరం బతికే ఉంటే కోరకు లోహపు తొడుగు వేయొచ్చు. కోరను నిలబెట్టగలిగితే నిలబెట్టడమే నాకిష్టం, ముఖ్యంగా కింది కోర. దాని వేరు కింది దవడలో చాలా భాగం ఆక్రమించి ఉంటుంది, తీసేస్తే అక్కడ ఎముక బలహీనపడుతుంది. చుక్కలన్నీ మూసుకునే ఉండి, పళ్లు కదలకుండా ఉంటే ఏమీ చేయక్కర్లేదు. ఏడాదికోసారి చూపించడం, అంతే.

మత్తు ఇచ్చేముందు రక్తపరీక్ష తప్పక చేయించండి, అందులో ప్లేట్‌లెట్ల లెక్క ఉండాలి. మన ప్రాంతంలో పిడుదుల జ్వరం దాచుకున్న కుక్కలు బోలెడు. బయటికి హుషారుగా తిరుగుతుంటాయి, లోపల ప్లేట్‌లెట్లు అడుగంటి ఉంటాయి. అలాంటి కుక్కకు పన్ను తీస్తే రక్తం ఆగదు. జ్వరానికి మందు వాడి, లెక్క పెరిగాక పన్ను సంగతి చూడాలి.

నొప్పిగా ఉందేమోనని ఇంట్లో ఉన్న క్రోసిన్, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ వేయకండి. మనకు అది మామూలు మాత్రే, జిమ్మీకైతే కిడ్నీనో కాలేయాన్నో దెబ్బతీస్తుంది. మన టూత్‌పేస్ట్ కూడా వద్దు. వాడు ఉమ్మేయడు, మింగుతాడు, అందులో తీపి కోసం వేసే జైలిటాల్ ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. కుక్కల పేస్ట్ దొరుకుతుంది, లేకపోతే ఉత్త తడి బ్రష్ చాలు. మత్తు లేకుండా గార గీకిస్తామనే గ్రూమింగ్ షాపుల జోలికి వెళ్లకండి. అరిగిన పన్ను మీద గీకుడంటే ఉన్న పొర కూడా పోవడమే.

షెల్టర్ వాళ్లు మోసం చేశారా అన్నారు. నాకైతే అలా అనిపించడం లేదు. వాళ్లకు దొరికేసరికే వాడు ఎవరి బోనులోంచో వచ్చి ఉంటాడు, వయసు వాళ్లూ అంచనాగా చెప్పి ఉంటారు. అయినా ఒక్కసారి ఫోన్ చేసి, గొడవలా కాకుండా, ఎక్కడ దొరికాడు, మెడకు గొలుసు గుర్తు ఉందా, వాళ్ల దగ్గర ఉన్నన్నాళ్లు జాలీ కొరికేవాడా అని అడగండి. ఆ జవాబు మీ డాక్టర్‌కు పనికొస్తుంది.

ఫోటోలు తీశాక ఇక్కడే పెట్టండి. ఎదురుగా తీసింది ఒకటి చాలు. కోరలు మాత్రం పక్క నుంచి, వెనక అంచు కనిపించేలా ఉండాలి, టార్చ్ ముక్కు వైపు నుంచి కాకుండా చెవి వైపు నుంచి పడాలి. చుక్క నల్లగా కనిపిస్తే నా జవాబు కోసం ఆగకుండా ఈ వారంలోనే చూపించేయండి.